తెలుగు వరుసకు రాదట!



"తెలుగుల సార్టింగు రాదు సార్, అది ఇంగ్లీషుకే."

ఈ వాక్యాన్ని అమీర్‌పేటలోని ఒక డీటీపీ దుకాణంలో, ఎంతో మర్యాదగా, నా ముందు టీ గ్లాసు పెట్టి మరీ చెప్పారు. చెప్పిన కుర్రవాడి మీద నాకు కోపం లేదు. ఆ మాట విని తల ఊపి, డబ్బు చెల్లించి, మెట్లు దిగి వచ్చిన నా మీద ఉంది. భాషాప్రవీణ చదివి, పండిత శిక్షణ పొంది, ముప్పై రెండేళ్లు నల్లగొండ జిల్లా బడులలో పిల్లలచేత అ ఆలు దిద్దించినవాణ్ణి. అలాంటివాణ్ణి, తెలుగు అక్షరాలకు వరుస లేదని ఒకరంటే, కాబోలు ననుకొని ఇల్లు చేరాను. ఆ తప్పు దిద్దుకొనడానికే ఈ టపా.

ముందుగా సంగతి చెప్పాలి. నాతోపాటు పనిచేసిన తెలుగు పండితుడొకరు, నాకు అన్నగారి వంటివారు, పాతికేళ్లపాటు పల్లెల్లో తిరిగి మాటలు పోగుచేశారు. అంగి, అర్ర, ఇగురం, ఎవుసం, కందిలి, గుమ్మి, తొవ్వ, మొగులు, సోపతి - ఇటువంటివి. మాట విన్న రోజునే పోస్టుకార్డు పరిమాణపు అట్టముక్క మీద రాసి చెప్పుల డబ్బాలో వేసేవారు. ఏ ఊరు, ఎవరు అన్నారు, ఏ సందర్భం అన్నీ ఉండేవి. రెండేళ్ల క్రితం ఆయన పోయారు. పదకొండు డబ్బాలు, మూడువేల పైచిలుకు కార్డులు మిగిలాయి. వదినగారు నన్ను పిలిచి, "వీటిని పుస్తకం చేయించు, మరిదీ; నా తరువాత ఇవి చెత్తబండికే పోతాయి" అన్నారు. నేను పంజాగుట్టలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. డీటీపీ అంటే అమీర్‌పేట నడక దూరం. డబ్బాలు ఆటోలో వేసుకొని వెళ్లి అప్పగించాను.

నెలన్నరకు పట్టిక సిద్ధమైంది. మూడు నిలువు గళ్లు: సంఖ్య, పదం, అర్థం. కార్డులు దొరికిన వరుసలోనే కొట్టారు, అది వారి తప్పు కాదు. "ఇక అకారాది చేయండి నాయనా" అన్నాను. కుర్రవాడు పట్టికను ఎన్నుకొని మీట నొక్కాడు.

తెర మీద కనబడిన దృశ్యాన్ని వర్ణించడం కష్టం. పట్టిక తలన దాదాపు నాలుగువందల వరుసలు, పదం గడి ఖాళీ. అర్థం గడిలో తలలేని మొండేలు: "అని కూడా అంటారు", "వానకాలంలో మాత్రమే", "ముసలివారి మాట, ఇప్పుడు వినబడదు". వాటి కింద ఎవుసం, వెంటనే గుమ్మి, దాని వెంట అర్ర, ఆపైన ఏవో మరికొన్ని. మొదటి నిలువు గడిలో సంఖ్యలు పేకముక్కలు కలిపినట్టు. పాతికేళ్ల సేకరణను ఎవరో సంచిలో పోసి కుదిపినట్టు తోచింది నాకు. అప్పుడే ఆ వాక్యం విన్నాను. కుర్రవాడు చేసిన పనిని వెనక్కు తిప్పి, పాత వరుసకు తెచ్చి, ఫైలును పెన్‌డ్రైవులో వేసి ఇచ్చాడు.

ఇంటికి వచ్చి మూడు వారాలు కార్డులను చేత్తో వరుస పెట్టాను. మంచం నిండా, అల్మారా మీద, చివరకు పూజగదిలో కూడా. చకారం దాకా వచ్చాను. ఫ్యాను వేయకూడదని ఇంట్లో ఆంక్ష పెట్టడంతో కోడలు మా అబ్బాయికి ఫిర్యాదు చేసింది.

ఇప్పుడు ఆలోచించండి. ఆ వాక్యం పుట్టిన చోటు ఏది? మైత్రీవనం చుట్టూ, ఆదిత్య ఎన్‌క్లేవ్ మేడల మీద, గోడ కనబడకుండా బోర్డులు. ఒకప్పుడు జావా, ఒరాకిల్, డాట్‌నెట్. నేడు డెవాప్స్, కృత్రిమ మేధ. దేశం నలుమూలలకూ, సముద్రాల అవతలకూ ప్రోగ్రామర్లను పంపిన వీధులివి. ఈ గదులలో మొదటి వారం నేర్పే పాఠాలలో ఒకటి, చిందరవందరగా ఉన్న జాబితాను వరుసపరచడం. బబుల్ సార్టు, క్విక్ సార్టు అని కుర్రవాళ్లు టీ బండి దగ్గర నిలబడి వల్లెవేయడం నేను చెవులారా విన్నాను. ఆ గదికి రెండు మెట్లవరుసల కింద, తెలుగు మాటలు వరుసకు రావని ఒక యువకుడు నిస్సంశయంగా నమ్ముతున్నాడు. పై అంతస్తువారికి తెలుగును వరుసపరచాలన్న ఆలోచన రాదు. కింది అంతస్తువానికి అది సాధ్యమన్న తలంపు రాదు. మధ్యలో మెట్ల మీద నిలబడినవాళ్లం మనం, పండితులం.

నా పూర్వ విద్యార్థి ఒకడు అక్కడే ఒక శిక్షణాలయంలో పాఠాలు చెబుతున్నాడని గుర్తొచ్చింది. వాడు పెన్‌డ్రైవు తెరిచి, పట్టికలో ఒక పదాన్ని ఎన్నుకొని, దాని ఖతిని మార్చి చూపాడు. "తొవ్వ" అన్న మాట పోయి ఇంగ్లీషు అక్షరాలూ, ప్రశ్నార్థకాలూ, డాలరు గుర్తులూ కలిసిన ఏదో తిట్టు కనబడింది. "సార్, ఇందులో తెలుగు లేదు. తెలుగు లెక్క కనబడేటట్టు బొమ్మలు గీసి ఉన్నయి" అన్నాడు.

అసలు కిటుకు ఇదే. అను, శ్రీలిపి వంటి పాతకాలపు ఖతులు తెలుగు అక్షరాన్ని అక్షరంగా దాచవు. తలకట్టు ఒక గుర్తు, కొమ్ము ఒక గుర్తు, ఒత్తు ఒక గుర్తు. ఇంగ్లీషు అక్షరాల అరలలో ఈ ముక్కలను కూర్చి పెడతాయి. అచ్చుకూటంలో కంపోజిటరు సీసపు ముక్కలు ఏరి పేర్చినట్టే. కాగితం మీద సిరా పడడానికి అది చాలు, అందంగానూ ఉంటుంది. కాని ఆ ఫైలును వరుసపరచమంటే యంత్రం చేయగలిగింది ఇంగ్లీషు వరుసే. దానికి కకారం తెలియదు, గకారం తెలియదు. ఏ ముక్క ఏ ఇంగ్లీషు గుర్తు వెనక దాగిందో ఆ వరుసలో నిలబెడుతుంది. యంత్రం మీట నొక్కినవాడి ఆజ్ఞను అక్షరాలా పాటించింది. అక్షరాలే మనవి కావు.

యూనికోడ్ మొదటి కూర్పులోనే, 1991లో, తెలుగుకు చోటు దొరికింది. మనకు 128 గళ్ల వీధి కేటాయించారు. అందులో కకారం సంఖ్య 3093, ఏ ఖతిలో చూసినా అదే. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి కూడా చేరింది. దేశికాచార్యులు గారి పోతన, వేమన ఖతులనూ, లేఖినినీ, పాత ఖతుల పుటలను యూనికోడులోకి మార్చి చూపిన నాగార్జున వెన్న గారి పద్మనూ ఈ పుట చదివేవారికి నేను పరిచయం చేయనక్కరలేదు. మీరందరూ వాటి నీడన ఎదిగినవారే. మనం ఆ పోరు గెలిచామనుకొన్నాం. జాలంలో గెలిచాం. అమీర్‌పేట మెట్ల కింద గెలవలేదు. ఈనాటికీ తెలుగు పుస్తకాల పాండులిపులెన్నో పాత ఖతులలోనే పుడుతున్నాయి, అచ్చయిన మర్నాడు ఎవరూ వెతకలేని, వరుసపెట్టలేని, తిరిగి వాడుకోలేని శవాలై హార్డుడిస్కులలో పడి ఉంటున్నాయి.

దీనికి దుకాణాలవారు చెప్పే సమాధానం నాకు కంఠతా వచ్చు. "పేజ్‌మేకర్‌లో యూనికోడ్ రాదు సార్." నిజమే, రాదు. పేజ్‌మేకర్ ఆఖరి కూర్పు, ఏడవది, వచ్చింది 2001లో. అప్పుడు పుట్టిన పిల్లలు డిగ్రీలు ముగించి ఉద్యోగాలలో చేరారు. ఇన్‌డిజైన్‌లో యూనికోడు తెలుగు చక్కగా నిలుస్తుంది. "యూనికోడులో మంచి ఖతులు లేవు" అన్నది రెండో సాకు. 2005లో ఆ మాట అంటే నేనూ ఒప్పుకొనేవాణ్ణి. ఇవాళ మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు ఇవన్నీ ఉచితంగా దించుకోవచ్చు. సాకులు చెల్లిపోయాయి, అలవాటు మాత్రం మిగిలింది.

కాని నా అసలు కలహం దుకాణాలతో కాదు, మా పండిత వర్గంతో. నా మూడు వారాల మంచం కథ చెబితే తోటి పండితులొకరు తృప్తిగా నవ్వి, "మన లిపి ఉదాత్తమైనది, యంత్రానికి లొంగదు" అన్నారు. లొంగకపోవడం గౌరవమట! అయ్యా, వర్ణమాలకు తర్కమున్న జాతి మనది. కంఠంలో మొదలుపెట్టి పెదవుల దాకా, స్థానాన్ని బట్టి వర్గాలు. వర్గంలో మొదట శ్వాసం, తరువాత నాదం, చివర అనునాసికం. ఎ పక్కన బి ఎందుకుందో ఇంగ్లీషువాడు ఉచ్చారణను బట్టి చెప్పలేడు. కకారం పక్కన ఖకారం ఎందుకుందో నా ఆరో తరగతి పిల్లవాడు చెబుతాడు. ఇంతటి వరుసను చేతిలో పెట్టుకొని, వరుసకు రాదంటే మురిసిపోతామా?

పూర్వం అమరకోశం, ఆంధ్రనామసంగ్రహం వంటివి వర్గులుగా నడిచాయి. దేవతలొకచోట, మనుషులొకచోట. కంఠస్థం చేసేవానికి అదే అనుకూలం. తరువాత మామిడి వెంకయ్య గారి ఆంధ్రదీపిక, 1852లో బ్రౌను నిఘంటువు, 1885లో బహుజనపల్లి సీతారామాచార్యుల వారి శబ్దరత్నాకరం అకారాదిని పట్టుకొన్నాయి. చేత్తో చేశారు, నెలలు కాదు ఏళ్లు పట్టింది. వారి వారసులమని చెప్పుకొంటూ, మీట నొక్కితే అయ్యే పనిని మన లిపి గొప్పదనం పేరిట వదులుకొంటున్నాం. మరొక నిజం కూడా ఒప్పుకోవాలి. ముప్పై రెండేళ్లలో నేను వర్ణమాలను పాడించాను గాని, నిఘంటువు తెరిచి మాట వెతకడం ఏ తరగతికీ పద్ధతిగా నేర్పలేదు. నా శిష్యుడు కాబట్టి ఆ డీటీపీ కుర్రవాడికి తెలియకపోయి ఉంటుందని ఎవరైనా అంటే కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు.

ఇక పట్టిక బాగుచేసిన వైనం. నా విద్యార్థి ఒక మార్పిడి పనిముట్టుతో ఫైలునంతా యూనికోడులోకి తెచ్చాడు. మీట నొక్కేముందు నేను ఆపాను. మొదట మొండేలకు తలలు అతకాలి. అర్థం రెండు పంక్తులు దాటినప్పుడల్లా కుర్రవాడు పట్టికలో కొత్త వరుస తెరిచాడు. కంటికి ఒకే అర్థం, యంత్రానికి రెండు వేర్వేరు వరుసలు. వరుసపరచగానే ఖాళీ గడులన్నీ పైకి తేలాయి. కార్డులు ముందు పెట్టుకొని ఆ నాలుగువందల వరుసలనూ ఒక్కొక్కటే వాటి పైవరుసలో కలిపాను. ఇది తొమ్మిది రోజుల పని. ఏ యంత్రమూ చేయలేదు, ఎందుకంటే ఏ మొండెం ఏ తలదో కార్డుకే తెలుసు. గడులు కలిపి వేసిన అక్షర శీర్షికలను తీసేశాను. కలిపిన గడులున్న పట్టికను వరుసపరచడానికి పద సంస్కారిణి మొరాయిస్తుంది. చేత్తో కొట్టిన సంఖ్యలను కూడా చెరిపాను, చివర కొత్తగా వేసుకోవచ్చు.

అప్పుడు నొక్కాం. వరుసకు వచ్చింది! అంగి ముందు, అర్ర వెనక, ఇగురం, ఎవుసం. నేను కుర్చీలోనుండి లేచి నిలబడ్డాను.

రెండు నిమిషాలే ఆ సంతోషం. అనుస్వారమున్న మాటలు కొన్ని తమ గుంపునుండి విడిపోయి వేరే చోట పేరుకొన్నాయి. పట్టి చూస్తే, సున్నకు బదులు తెలుగు అంకె సున్నా ఉంది. ఒకదాని సంఖ్య 3074, మరొకదానిది 3174. కంటికి కవల పిల్లలు. విసర్గ ఉండవలసిన చోట ఇంగ్లీషు కోలన్. "ఋణం" ఋకారాన్ని విడిచి బకారంలో "బుణం"గా కాపురం పెట్టింది. అప్పు ఎక్కడికి పోయి దాక్కుంటుందో అప్పుడు తెలిసింది. "బజార్" రెండుసార్లు కనబడింది, పక్కపక్కనే, అచ్చం ఒకేలా. ఒకదాని చివర పొల్లు తరువాత కంటికి కనబడని విడదీత గుర్తు ఉంది. కొన్ని మాటల ముందు ఖాళీ జాగా ఒకటి చొరబడి వాటిని అన్నిటికంటే పైకి ఎక్కించింది. ఇవన్నీ వెతికి మార్చే మీటతో ఒక మధ్యాహ్నంలో పోయాయి, ఋణం తప్ప. బకారంలో న్యాయంగా ఉండవలసిన బుట్ట, బురుజు, బువ్వలను కదపకుండా దాన్ని ఒక్కదాన్నే చేత్తో తీయవలసి వచ్చింది.

ఈ దోషాలన్నిటికీ మూలం ఒక్కటే. కనబడితే చాలునన్న బుద్ధి. పాత ఖతి పోయినా ఆ బుద్ధి పోలేదు.

చివరగా మా శిష్యుడితో వచ్చిన తగాదా. కలుపు, కళ్లం, కవిలె అని వరుస వచ్చింది. నేను ఒప్పుకోలేదు. బడిలో నేర్పిన వరుస య ర ల వ శ ష స హ ళ క్ష ఱ. ళకారం హకారం దాటాక రావాలి. కలుపు, కవిలె, కళ్లం కావాలి. "సార్, కోడు నెంబరు ప్రకారం కరెక్టే. లకారం 3122, ళకారం 3123, వకారం 3125" అన్నాడు. నెంబరే శాస్త్రమైతే ౠకారం 3168, అంటే అచ్చులూ హల్లులూ గుణింతపు గుర్తులూ అన్నీ ముగిశాక. 2008లో చేర్చిన దంత్య చకారం ౘ 3160, అదీ అంతే. వాటిని ఊరి చివర కూర్చోబెడతావా అన్నాను. వాడు నవ్వి, అందుకే వరుసకు యూనికోడువారు వేరే నియమావళి పెట్టారనీ, సంఖ్య ఇంటి నెంబరు మాత్రమేననీ, ౠకారాన్ని ఋకారం పక్కకు తెచ్చేది ఆ నియమావళేననీ, తెలుగుకు దానిలో అరసున్న, సున్న, విసర్గలను ఔకారం తరువాత నిలిపే ప్రత్యేక సూత్రం ఉందనీ చెప్పాడు. ళకారాన్ని మాత్రం మా పద సంస్కారిణి లకారం పక్కనే ఉంచింది.

అలా ఉంచినవారిని నేను నిందించలేను. వారికి ఎవరు చెప్పాలి? మనమే. మనం ఎప్పుడు కూర్చొని తేల్చుకొన్నాం? సున్నను పూర్ణబిందువుగానే లెక్కించాలా, లేక మోనియర్ విలియమ్స్ సంస్కృత నిఘంటువులో వలె పరవర్ణపు అనునాసికంగా ఎంచాలా? అంగి ఙకారంలో చేరుతుందా? క్ష ప్రత్యేకాక్షరమా, కకార సంయుక్తమా? సభలలో శాలువాలు కప్పుకొన్న వందసార్లలో ఒక్కసారైనా ఈ ప్రశ్నకు ఒక కాగితం రాసి సంతకాలు పెట్టామా? శకటరేఫం మీద వాదించుకొన్న ఉత్సాహంలో పదో వంతు ఇక్కడ చాలు.

నా మటుకు ఒక ఉపాయం చేశాను. పట్టికలో నాలుగో నిలువు గడి తెరిచి, పదాలన్నీ అందులోకి నకలు తీసి, అక్కడ ళకారాన్ని "హ్హ" గానూ, ఱకారాన్ని "హ్హ్హ" గానూ మార్చాను. ఆ గడిని ఆధారం చేసుకొని వరుసపరిచి, తరువాత దానిని తొలగించాను. కళ్లం తన చోటికి చేరింది. శిష్యుడు దీనిని మోటు పద్ధతి అన్నాడు. మోటదే, నీళ్లు వచ్చాయి.

మొన్న ఆ దుకాణానికి మళ్లీ వెళ్లాను. పట్టిక చూసి కుర్రవాడు "ఎట్ల చేసిండ్రు సార్?" అని పనులాపి గంటసేపు కూర్చున్నాడు. మూడో ప్రశ్నకే నాకంటే ముందుకు వెళ్లాడు. చివర మళ్లీ అనుమానం: "ప్రెస్సోళ్లు పాత ఫాంటే అడుగుతరు సార్." పీడీఎఫ్ ఇవ్వు నాయనా, అందులో ఏ ఖతి ఉన్నా వారి యంత్రానికి పట్టదు అన్నాను. రశీదు వెనక రాసుకొన్నాడు.

పుస్తకం ప్రూఫులు వదినగారి దగ్గర ఉన్నాయి. క్షకారం సంగతి మాత్రం నేనింకా తేల్చుకోలేదు. క్షవరం ప్రస్తుతానికి కకారంలోనే, అన్నిటికంటే వెనక, తన వంతు కోసం కూర్చొని ఉంది.